అప్పయ్య వేషం

శనివారం మధ్యాహ్నం ఆటలో సీతారామారావు మాట మరిచిపోయాడు. లండన్ నుంచి మూడు వారాల ప్రదర్శనలకని సింగపూర్ వచ్చిన నాటక కంపెనీలో ఆయనది జడ్జి వేషం. రెండో అంకంలో తీర్పు చదవాలి. మొదటి వాక్యం వచ్చింది. రెండోది ఎంతకీ రాలేదు. ముద్దాయి వేషం వేసిన నటి ఏదో అల్లి కథను ముందుకు నెట్టింది. ప్రేక్షకులు పసిగట్టారో లేదో గాని, డైరెక్టరు పసిగట్టింది. ఇలా జరగడం అది మూడోసారి. సోమవారం ఆయన్ని కాఫీకి పిలిచి, మిగిలిన ఆటల్లో ఆ వేషం ఇంకొకరు వేస్తారని మెత్తగా చెప్పింది. ఆయన తలూపి కాఫీ పూర్తిగా తాగి వచ్చాడు. తిరుగు ప్రయాణం కంపెనీతో పాటే, ఇంకా పన్నెండు రోజులుంది.

ఆయనకు డెబ్భై ఆరేళ్ళు. తొమ్మిదో ఏట, డాక్టరైన తండ్రి వెంట విజయనగరం నుంచి ఇంగ్లండులోని లీడ్స్ వెళ్ళి, అక్కడే బ్రిటిష్ పౌరుడయ్యాడు, నటుడయ్యాడు. స్టేజీ మీద ఈటె పట్టుకు నిలబడే భటుడితో మొదలుపెట్టాడు. తెర మీద కిరాణాకొట్టు యజమాని, టాక్సీ డ్రైవరు, చెడ్డవార్త మోసుకొచ్చే డాక్టరు, ఇవే తిప్పి తిప్పి వేశాడు. యాస ఇంకొంచెం దట్టించమనేవారు డైరెక్టర్లు. తనకు లేని యాసను ఆయన తండ్రి స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకునేవాడు. రేడియో ఒక్కటే మొహం చూడకుండా పిలిచింది. ఒక ధారావాహికలో పదకొండేళ్ళు స్కాట్లండ్ తీరంలో దీపస్తంభం కాపలాదారుగా మాట్లాడాడు. శ్రోతలు ఉత్తరాలు రాసేవారు. అది ఆగిపోయాక మళ్ళీ తెర మీద టాక్సీలే నడిపాడు.

హోటల్ గదిలో ఒంటరిగా ఉన్న ఆయన్ని పినతల్లి మునిమనవరాలు వసుంధర వచ్చి పలకరించింది. సింగపూర్‌లోనే వన్-నార్త్ అనే పేటలో ఒక రికార్డింగ్ స్టూడియోలో పని ఆమెది. తువాస్‌లోని ఒక షిప్‌యార్డు తెలుగు కార్మికుల కోసం జాగ్రత్తలు చెప్పే ఆడియో కావాలట. తల్లి నేర్పిన అక్షరాలు ఆయన ఇంకా మరిచిపోలేదని ఆమెకు తెలుసు.

"కాగితం చూసి చదవడమే తాతయ్యా. బట్టీ పట్టక్కర్లేదు," అంది.

ఆ చివరి మాట ఎందుకన్నదో ఆయనకు అర్థమైంది. అయినా ఒప్పుకున్నాడు.

బుధవారం పొద్దున మైకు ముందు కూర్చుని చదివాడు. ఎవరో అనువదించిన తెలుగు. "ఉన్నత ప్రదేశములందు రక్షణ పట్టీని విధిగా ధరించవలెను." గొంతు ఇంకా నిండుగానే ఉంది. అద్దం వెనక వసుంధర బొటనవేలు ఎత్తి చూపించింది. మాటలు సరిచూడమని యార్డువాళ్ళు పంపిన గణపతి మాత్రం చేతులు కట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. శ్రీకాకుళం వైపు మనిషి, పదమూడేళ్ళుగా సింగపూర్ యార్డుల్లో పరంజా కట్టే పని.

ఎలా ఉందని వసుంధర అడిగితే బాగుందన్నాడు. ఆ 'బాగుంది' ఎలాంటిదో నటుడికి తెలుసు. సీతారామారావు బయటికొచ్చి, అతని పక్కన కుర్చీ లాక్కుని, ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు.

గణపతి కాసేపు నసిగాడు. "గుళ్ళో మైకులో సెప్పినట్టుంది సార్. దండం పెట్టుకుంటారు గాని, ఎవుడూ ఇనడు."

నొప్పి కలగాలి. కలగలేదు. అలసటే మిగిలింది. "మరి నువ్వైతే ఎలా చెప్తావు?" అని అడిగాడు.

 గణపతి నెమ్మదిగా తమ ఊరి అప్పయ్య సంగతి చెప్పాడు. నాలుగేళ్ళ కిందట, వేరే కంపెనీలో, ఇద్దరూ ఒకే పరంజా మీద పనిచేసేవారు. మధ్యాహ్నం భోజనం టైమైపోతోందని అప్పయ్య తొందరపడ్డాడు.

"నడుముకి బెల్టుంది సార్. హుక్కు తగిలించనేదు. నేను సూసేను. సెప్దామనుకున్నాను. ఆడికి తెలీదా ఏటి అనుకుని ఊరుకున్నాను. అడుగేసి పడిపోనాడు. మరి లెగనేదు."

సీతారామారావు తన చేతిలోని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ వేషం తనది కాదు, ఇతను చెప్పాలి అని వసుంధరతో అన్నాడు. సోమవారం వేషం పోయినప్పుడు దాన్ని ఎవరో తీసుకున్నారు. ఈసారి ఆయనే ఇచ్చాడు. రెండింటికీ తేడా ఉందని ఒప్పుకోవడానికి కూడా ఓపిక లేదాయనకు.

గణపతి మైకు ముందు కూర్చోగానే కొయ్యబారిపోయాడు. మాట మాటకీ ఇంగ్లీషులో క్షమాపణలు. నాలుగుసార్లు ఆపారు. యాభై ఏళ్ళుగా ఇలాంటి భయాన్ని చూసిన సీతారామారావు లోపలికెళ్ళి అతనికి ఎదురుగా కూర్చున్నాడు. మైకుకి జానెడు దూరంలో ఉండమని, ఊపిరి పీల్చి మొదలుపెట్టమని చెప్పాడు.

"మైకుతో మాట్లాడకు గణపతీ. నేను అప్పయ్యని. నాకు చెప్పు."

ఆ తర్వాత ఆయన ఒక్క మాటా అనలేదు. నడుం కాస్త వంచి, తొందరలో ఉన్నవాడిలా ఓ కాలు ముందుకు పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని విన్నాడు.

"ఒరే, ఆగు," అన్నాడు గణపతి. "బెల్టు సూసుకో. హుక్కు తగిలించు. సప్పుడు ఇనపడిందా? అప్పుడు అడుగెయ్యి. కూడు ఎక్కడికీ పోదురా."

మిగతావన్నీ అలాగే చెప్పుకుపోయాడు. నిప్పు గురించి, గ్యాసు గురించి, క్రేను కింద నిలబడొద్దని. ఒకచోట చెప్పడం ఆపేశాడు. సీతారామారావు కదలకుండా అతను తేరుకునే దాకా ఆగాడు. గంట తర్వాత వసుంధర చాలని చెయ్యి ఊపింది.

గణపతి మొహం తుడుచుకుని, సారుకి నమస్కారం పెట్టి, కంపెనీ బస్సు అందుకోవాలని వెళ్ళిపోయాడు. యార్డువాళ్ళు ఆ రికార్డింగునే ఉంచారు. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు వేస్తున్నారని వసుంధర తర్వాత చెప్పింది.

ఆ బుధవారం మధ్యాహ్నం హోటలుకి తిరిగెళ్ళే టాక్సీలో సీతారామారావు ఫోన్ తీసి, తన కోసం ఇక వేషాలు చూడొద్దని ఏజెంటుకి రెండు లైన్లు రాశాడు. చదువుకుని, ఒక అక్షరం దిద్ది, పంపాడు.

"ఏమైనా తింటారా తాతయ్యా?" అని అడిగింది పక్కన కూర్చున్న వసుంధర.

"పడుకుంటానమ్మా," అని ఆయన సీటుకి తల ఆనించాడు.