ఎర్ర సంతకం మీద ముద్దు

మా దొర లుపినోకి చూపు పోయి ఏడాదైంది. ఆ సంగతి ముగ్గురికే తెలుసు: ఆయనకి, దొరసాని ద్రోసమ్మకి, వాళ్ల వంటింట్లో ముసలిదాన్నైపోయిన నాకు. ఈ మరొత్త నోట్లో నువ్వుగింజ నానదని అమాల్ఫి ఊరంతా అంటారు గానీ, ఈ ఒక్క మాట మాత్రం నేను ఎవరి చెవినా వెయ్యలేదు.

ఎలా వేస్తాను? గుడ్డివాడు గద్దె మీద ఉండకూడదని మా పై చక్రవర్తి ఉండే కాన్‌స్టాంటినోపుల్ పద్ధతి. చక్రవర్తికి తెలిస్తే గద్దె ఇంకెవరికో పోతుంది. దొరని ఒక దీవిలో మఠానికి, అమ్మని ఇంకో దీవిలో మఠానికి పంపేస్తారు. నలభై ఏళ్లు ఒకే కంచంలో తిన్న మనుషులు!

దొరకి ఆ బెంగే లేదు. రోజూ సముద్రం ఒడ్డుకి ఒంటరిగా వెళ్లొచ్చేవాడు. "ఏడాదిలో ఒక్క వలైనా కాలికి తగిలిందా, ఒక్క తాడైనా అడ్డమొచ్చిందా? ఈ ఊరు నాకు కొట్టినపిండి, మరొత్తా!" అని గడ్డం నిమురుకునేవాడు.

"మహా గొప్పే! మొన్న జున్ననుకుని కొవ్వొత్తి కొరికింది ఎవరు దొరా?" అనేదాన్ని.

ఇంతలో చక్రవర్తి రాయబారి దిగాడు. దొరకి కొత్త బిరుదూ పట్టు అంగీ తెచ్చాడట. గుడి మెట్ల మీద, జనమందరి ముందూ, చక్రవర్తి ఉత్తరం కింద ఉన్న ఎర్రసిరా సంతకాన్ని దొర ముద్దుపెట్టుకోవాలి. చోటు తప్పితే గుట్టు రట్టే.

ఆరు రోజులు సాధన చేయించాం. ఉత్తరానికి బదులు నా రొట్టె. అమ్మ దాన్ని పట్టుకుని, సంతకం ఉండే చోటుకి కింద బొటనవేలు పెడుతుంది. దొర ఆ వేలు తడిమి, దాని పైన ముద్దుపెట్టాలి.

"మళ్లీ వేలికే పెట్టారు!" అని అమ్మ కసిరేది.

"పాత అలవాటు ద్రోసా, ఆరు రోజుల్లో పోతుందా?"

తీరా ఆ రోజు అమ్మ చెయ్యి చాపితే, ఆడవాళ్లు తాకకూడదని రాయబారి ఉత్తరం తనే పట్టుకున్నాడు. దొర చెయ్యి గాల్లో ఆగిపోయింది. అమ్మ నా మణికట్టు నలిపేసింది.

అప్పుడు మెట్ల కింద పడవలవాళ్ల ముసలమ్మ గెమ్మ గొంతెత్తింది, పడవని ఒడ్డుకి లాగేటప్పటి రాగంలో: "కుడికీ... కుడికీ..."

జనమంతా అందుకున్నారు. "కిందికీ... ఇంకొంచెం కిందికీ... మెల్లగా... ఆగూ!"

దొర వంగాడు. పెదాలు సరిగ్గా ఎర్ర అక్షరాల మీద ఆనాయి. రాయబారికి గ్రీకు తప్ప మా భాష ముక్క రాదు. ఇదేదో మా ప్రార్థన అనుకుని భక్తిగా శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక దొర చేపల కంచం ముట్టలేదు.

"మరొత్తా, వాళ్లకి చెప్పింది నువ్వేనా?"

"నా మీద ఒట్టు, దొరా. వాళ్లకి తెలుసని నాకూ ఇవాళే తెలిసింది."

"అయితే ఏడాదిగా నా దారిలో వలలు తీసి పక్కన పెడుతున్నది వాళ్లన్నమాట," అన్నాడు. గడ్డమంతా తడిసిపోయింది.

అమ్మ ముక్క తుంచి నోటికందించింది. ఏడుస్తూనే తిన్నాడు.