చేతి కింద పాట

టైలరమ్మ మిషను తొక్కిన ముప్పై ఏళ్లూ పక్కన పాట మోగాల్సిందే. మొదట రేడియో, తర్వాత కూతురు కొనిచ్చిన ఫోను. ఎత్తుగడ చెవిన పడితే చాలు, అది ఏ పాటో ఇట్టే చెప్పేసేది.

పోయిన ఏడాది పట్టుకున్న విషజ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ ఆమె వినికిడిని పూర్తిగా పట్టుకుపోయింది. మిషను చప్పుడు మారినా తెలియక సూదులు విరగ్గొట్టుకునేది.

ఒక ఆదివారం కూతురు చిన్న బ్లూటూత్ స్పీకర్ తెచ్చింది. ఫోనులో నెట్ నుంచి ఒక పాట పెట్టి, తల్లి అరచేతిని స్పీకర్ మీద ఆనించింది. టైలరమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె ముఖం విప్పారింది.

“ఇది ఆ వానపాటే కదే! మీ నాన్న గొంతు కలిపి, నాచేత తిట్లు తినేవారు.”

అది వానపాట కాదు, ఈమధ్యే వచ్చిన పెళ్లిపాట. అయినా కూతురు అవునన్నట్టు తల ఊపింది.

“చూశావా, నా దగ్గరా నీ ఆటలు!” అని నవ్వి టైలరమ్మ పాట అందుకుంది. శ్రుతి ఎటో పోయింది. కూతురు గబగబా అసలు వానపాట వెతికి పెట్టింది. చేతి కింద దరువు మారేసరికి తల్లి పాడటం ఆపేసింది.

“ఎందుకే మార్చావు? నా పాట నాకు పెట్టు.”

కూతురు పెళ్లిపాటే మళ్లీ పెట్టింది. తల్లికి ఎదురుగా కూర్చుని, ఆమెకు కనబడేలా పెదాలు కదుపుతూ వానపాట పాడింది.