పది గడియల వంతు

చైత్రమాసపు తుదిదినములలో నొక ప్రాతఃకాలమున బాలభాస్కరుడు తుమ్మలకోన తూర్పుగుట్టల బండలకు కుంకుమవర్ణము పూయుచుండగా ఎముకవలె తెల్లనై పడియున్న యేటియిసుకమీదుగా వేడిగాలి యప్పుడే బయలువెడలి చేలగట్లపై నెండుగడ్డిని గలగలలాడించుచుండగా కొండప్ప యింటి పెరటిలో నతని భార్య సుంకులమ్మ చింతపండును బూడిదయు కలిపి యొక చిన్న రాగికుడుకను తోముచుండెను. ఆ కుడుక యడుగున ఆవగింజయైన దూరలేనంతటి సన్నని బెజ్జము కలదు. తొట్టినీటిపై దానిని తేలవిడిచినచో బెజ్జముగుండ నీరు మెల్లగా లోనికెక్కి అది నిండి మునుగుటకు సరిగా నొక గడియ పట్టును. బెజ్జమున చిలుము గాని మడ్డి గాని చేరెనా నీ రెక్కుట మందగించును, గడియ సాగును, సాగిన గడియచే నొకరి వంతు పెరిగి వేరొకరి వంతు తరుగును. కావున దానిని దినదినము తోమి సూదిమొనతో బెజ్జమును పరిశుభ్రము చేయుట పదునాలుగేండ్లుగా నామె పనియై యుండెను.

ఏటియిసుకలో త్రవ్విన యూటకాలువ యొక్కటియే ఆ యూరి మళ్లకు జీవనాధారము. ఎనిమిది దినముల కొకమారు ఇంటింటికి అయిదేసి గడియల నీటివంతు వచ్చుచుండెను. ఆ గడియలను గణించు భారము కొండప్ప వంశమువారిది. కుడుక మునిగినప్పుడెల్ల నొక గులకరాయిని తొట్టియంచున నిలిపి అయిదవ రాయి నిలువగనే తూము మార్పుమని కేకవేయునట్టి యతని మాటను కాదన్నవా రింతవరకు లేరు. పరుల కాలమును కొలుచు చేతికి స్వకాలమును కొలుచుట గూడ నలవాటై అతడు తన యింటి గోడపై సున్నముతో సంవత్సరమున కొక వరుస చొప్పున గీతలు గీచి విత్తుదినము మొదలు పెండ్లిప్రయాణములవరకు సమస్త కార్యములకును ముందుగనే తావు లేర్పరచుచుండెను. రెండేండ్ల క్రిందట సుంకులమ్మ తన తల్లిని చూడగోరగా కోతలైన పదునొకండవ దినమునకు గీత గీచి యిచ్చెను. ఆ తల్లి యా గీతకు మూడు వారములు ముందుగనే గతించెను. గీత మాత్రము గోడమీద నేటికిని చెరగకయున్నది.

ఆ యేడు తొలకరియు వెనుకవానయు రెండును తప్పినందున మెట్టచేలు బీడువడగా కాలువక్రింది యరయెకరపు వరిమడి యొక్కటియే ఆ దంపతులకు మిగిలెను. గాదెలోని ధాన్యము పదిదినములకు మించి రాదు. మడి పండెనా యిల్లు నిలుచును. ఎండెనా బాటప్రక్క కరువుపనిలో కంకర కొట్టుట తప్ప వేరు గతి లేదు. ఈ సంగతి యిరువురును నోట పలుకకయే యెరిగియుండిరి.

కుడుకను కడిగి బోర్లించి సుంకులమ్మ లోనికి వచ్చి గోడయెదుట నిలిచియున్న భర్తతో నిట్లనెను.

"మడికాడికి పోయొచ్చినా. పొట్టమీదుండే పైరు, ఆకు సుట్టుకుంటాండాది. రేపటి వంతు మనదే గదా. ఇడువు నీళ్లు."

"రేపు ఇడిస్తే అయిదు గడియల్లో మూడు గడియలు కాలవలో ఇసకే తాగుతాదిమే. మనకు దక్కేది రెండు. పై వంతులోనూ రెండే. మొత్తం నాలుగు," అని కొండప్ప వ్రేళ్లు మడచెను. "అదే రేపటిది గంగిరెడ్డికి బదులిస్తే పై వంతులో పది గడియలు ఒకేతూరి మనవి. ఇసక తాగేది మూడే. మడికి ఏడు. నాలుగు మేలా, ఏడు మేలా?"

"లెక్క బాగనే ఉండాది."

"మళ్ల? ఎనిమిది దినాలు ఓర్సుకోలేదా పైరు?"

"పైరు సంగతి నాకు తెల్దు. మాయమ్మయితే ఓర్సుకోల్యా."

కొండప్ప సున్నపుముద్దను తీసికొని ఎనిమిదవ దినముపై నొక గీతను దక్కినవానికంటె లావుగా గీచెను. అతని లెక్కలో దోష మించుకయు లేదు. అతని దురదృష్టమంతయు నందే యున్నది.

మరునాడు గంగిరెడ్డి తన యయిదు గడియలకు కొండప్ప యిచ్చిన యయిదును చేర్చి నీరు పెట్టుకొనుటకై వచ్చి తొట్టికడ చతికిలబడెను. పెద్దగొంతుకయు నవ్వుమొగమును గల యతడు కుడుకవైపు తొంగిచూచి, "కొండన్నా, ఇది మునిగేలోపల మా ఎనుము ఈని దూడ గడ్డి మేస్తాదిబ్బా!" అనెను.

"మేస్తే మేయనీ. నీ దూడ కోసరం బెజ్జం పెద్దది సేయమంటావా?"

"వద్దులే సామీ, ఇయ్యాల ఎంత నిదానమయితే నాకంత మేలు." అని నవ్వి అరుగుపై బియ్యము చెరుగుచున్న సుంకులమ్మవైపు తిరిగి, "వదినా, నీ మొగునికి సంగటి గూడా కుడకతోనే కొలిచి పెడతావా?" అని పరిహసించెను.

"ఇంగ ఎన్నాళ్లు కొలుస్తానో సూడాల మరిదీ," అని యామె తలయెత్తకయే బదులిచ్చెను. గంగిరెడ్డి నవ్వు మధ్యనే నిలిచిపోయెను. పది రాళ్లు నిలిచినవి. గంగిరెడ్డి మడి గట్లదాక తడిసెను. దాని కీవలనే యున్న కొండప్ప మడిలో నెర్రియలు వ్రేలు పట్టునంత విచ్చెను.

ఆరవ దినమున నీరుగంటి ఓబులేసు పార భుజమున మోపుకొని వాకిట నిలిచెను. కాలువను కాచుటయు ఊటను పూడిక తీయుటయు నతని వృత్తి. మోకాళ్లవరకు తడియిసుక యంటియుండెను.

"కొండన్నా, ఊట ఇంకిపోయినాది. రొండు మూరలు దిగదవ్వినా. తడి ఉండాది గానీ ధార ల్యా."

"ఎల్లుండికి ఊరదా?"

"ఊటకేమన్నా నీ గోడమీద గీతలు తెలుస్తాయా అన్నా?"

ఆ సాయంకాలమే గంగిరెడ్డియు వచ్చి, "నీ గడియలు నీకు తిరిగిస్తా, పై వంతులో నా అయిదూ నీవే. నీళ్లంటావా, నా మళ్లో ఇంకిపాయె. యెట్ల తోడిచ్చేదన్నా?" అని పలికి వెడలెను. బదులు గడియలకే గాని నీటికి గాదనుట ఆ యూరి కట్టుబాటు. ఆ కట్టుబాటును కాపాడువాడు కొండప్పయే.

ఎనిమిదవ దినము వచ్చెను. తన వంతును తాను కొలువనిచో నిచ్చిన బదులు తీరినట్లు కాదని తలచి కొండప్ప తెల్లవారగనే నీరు పారని కాలువకై తొట్టిని సిద్ధపరచెను. ఇంట నీరు లేకపోగా ఊటగుంత యడుగున నూరిన బురదనీటినే రెండు కడవలు తెచ్చి యందు పోసెను. కుడుకను తేలవిడిచెను. ఆ యుదయము దానిని తోమినవారు లేరు. పదునాలుగేండ్లలో నెవరు తోముచున్నారో చూడనివాడు ఆ దినమున తోమనిదానిని మాత్రము చూచునా?

ఒకటొకటిగా రాళ్లు నిలిచినవి. పది రాళ్లు నిలువవలసిన వేళకు ఆరే నిలిచినవి. నీడలు కురుచలై తిరిగి సాగనారంభించినవి. కొండప్ప మాత్రము ఆకాశము చూడక కుడుకనే చూచుచుండెను. తొమ్మిదవ రాయి నిలిచినపు డపరాహ్ణమయ్యెను.

అప్పుడు సుంకులమ్మ మడినుండి వచ్చి పిడికెడు వెన్నులను ఆ రాళ్లప్రక్కన నుంచెను. పాలుపోసుకొనవలసిన గింజలు పొట్టుగనే తెల్లబారి గాలికి తూగినవి. కొండప్ప యొక వెన్నును చిదిమి చూచి చేయి దులుపుకొనెను. ఆమె లోనికిపోయి గంపను సమ్మెటను తీసికొని వచ్చుట గాంచి యతడు,

"ఇంగొక గడియే ఉండాది. అది కాంగానే ఇద్దరమూ పోదాం. రోంతసేపు నిల్సుకో," అనెను.

ఆమె నిలిచి తొట్టిలోనికి చూచెను. కుడుక సగము నిండి కదలక తేలుచుండెను. మడ్డి పేరుకొని బెజ్జము మూసికొనిపోయెననియు అది యిక మునుగదనియు నామె కొక్కచూపుననే తెలిసెను. చెంగున గ్రుచ్చియున్న సూదిపై నామె చేయి యొక్కక్షణము నిలిచెను.

కాలమును కొలువనేర్చినవాడు దాని నేలినట్లే తలంచును. కొలతపాత్ర చేతనుండగనే కొలువవలసినది తరలిపోవుట లోకమున నెన్నియిండ్లలోనో జరుగుచునే యున్నది. తరలునప్పుడు చప్పుడు కాదు.

కొండప్ప పదవ రాయిని వ్రేళ్లనడుమ పట్టుకొని కుడుకపై వంగియుండెను. సుంకులమ్మ సూదిమీది చేతిని తీసి గంపను తలపై సవరించుకొని గోడమీది గీతలను దాటి గడపను దాటి కంకరబాటవైపు నడచిపోయెను.