మాసాయిపేట తర్వాతి ఊరు

గాబ్రియేలు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ ఒక్క స్టేజీ కూడా పిలవకుండా దాటలేదు. దిగేవాళ్లు లేకపోయినా పిలిచేవాడు. బస్సులో నిద్రపోయేవాళ్లుంటారు, కొత్తవాళ్లుంటారు, పిలిస్తే పోయేదేముంది అనేవాడు. రిటైరయ్యాక ఆ గొంతు క్యాంపు సభలకు పనికొచ్చింది.

పంటలు ఇళ్లకు చేరాక మెదక్‌లో క్రైస్తవులు ఆ సభలు పెట్టుకుంటారు. చుట్టుపక్కల ఊళ్ల జనం ఒకప్పుడు బండ్లు కట్టుకుని వచ్చి చెట్ల కింద దిగేవారు, ఇప్పుడు ఆటోల్లో వస్తున్నారు. సభ మొదలయ్యే ముందు ఒకరు నిలబడి ఊళ్ల పేర్లు పిలుస్తారు. ఏ ఊరు పిలిస్తే ఆ ఊరివాళ్లు ఎంతమంది ఉంటే అంతమందీ "ఉన్నం" అంటారు. అన్ని ఊళ్లూ పలికాకే మొదటి పాట. క్రైస్తవులు కానివాళ్లు కూడా తమ ఊరు పిలిచే వేళకు వచ్చి గోడ పక్కన నిలబడి, పలికి, పోతుంటారు. గాబ్రియేలు కాగితం చూడడు. బస్సు రూటు ప్రకారం పిలుస్తాడు.

బహ్రెయిన్‌లో పనిచేసే మెదక్ పిల్లలు అలాంటి సభ అక్కడ పెట్టుకోవాలనుకున్నారు. ముందున్నవాడు గాబ్రియేలు చెల్లెలి కొడుకు అనూప్. అక్కడ ఎలక్ట్రీషియన్.

"ప్రసంగాలు చెప్పెటోళ్లు ఈడ గూడ దొరుకుతరు మామా," అన్నాడు ఫోన్లో. "ఊర్లు పిలిచెటోడే లేడు. నువ్వే రావాలె."

అది 2011. తెలంగాణ కోసం సమ్మె వస్తుందని అందరూ అనుకుంటున్న రోజులు. అనూప్ ఒక హాలు మాట్లాడాడు. ఏసీ ఉంది, కుర్చీలున్నాయి, గేటు దగ్గర ప్రతి మనిషి గుర్తింపు కార్డూ చూసి లోపలికి పంపే కావలి ఉంది. "పక్కా బందోబస్తు మామా," అన్నాడు. హైదరాబాదు నుంచి ఒక ప్రసంగీకుడు ఒప్పుకున్నాడు. గాబ్రియేలుకు మొదటిసారి పాస్‌పోర్టు వచ్చింది. అతని భార్య సౌభాగ్యమ్మ అందులో ఫోటో చూసి, "టికెట్ కొట్టకుండ దొరికినోని లెక్క ఉన్నవ్," అంది.

ఈ సంగతి శివమ్మ చెవిన పడింది.

శివమ్మది ఎల్దుర్తి. మెదక్‌లో చర్చి గేటు ముందు గంప పెట్టుకుని పండ్లు అమ్ముతుంది. అప్పుడు సీతాఫలాలు వస్తున్నాయి. ఆమె కొడుకు రాజేందర్ బహ్రెయిన్ పోయాడు. కిందటేడు కంపెనీవాళ్లతో గొడవపడి బయటికి వచ్చేశాడు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అలా కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను గల్ఫ్‌లో ఖల్లివల్లి అంటారు. ఆ తర్వాత అతని ఫోను రాలేదు. గదిలో కలిసున్నవాళ్లు కొందరు సౌదీ దాటాడన్నారు. కొందరు ప్రాణాలతో లేడన్నారు.

శివమ్మ మరిది బిక్షపతి ఇంటి పెద్దగా ఒక మాట తేల్చాడు. వచ్చే పెత్రమాస నాడు, చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే ఆ అమావాస్య నాడు, రాజేందర్ పేరు మీద కూడా ఇవ్వాలి. పోయినవాడికి ఇవ్వకపోతే ఇంటికి మంచిది కాదన్నాడు. బియ్యం కూడా తెచ్చి ఆమె గదిలో పెట్టి పోయాడు.

"బతికున్నోని పేరు మీద బియ్యం ఎట్లియ్యాలె సారూ?" అంది శివమ్మ గాబ్రియేలుతో. "సచ్చిండని ఎవ్వడన్న కండ్ల జూసిండా? మీ సభకు ఎల్దుర్తోళ్లు గూడ వస్తరా?"

"అన్ని ఊర్లోళ్లు వస్తరు."

"ఎల్దుర్తి పిలుస్తరా?"

"పిలుస్త."

"మావోడు పలుకుతడా?"

గాబ్రియేలు ఆమె మొహం చూశాడు. తెలియదు అనాల్సిన చోట వేరే మాట వచ్చింది. "దేవుడు మనోళ్లనందర్ని ఒక్క కాడ కూసోబెడుతుండు శివమ్మా. నీ కొడుకు గూడ అండ్లనే ఉంటడు. పలుకుతడు."

ఆమె వద్దన్నా వినకుండా అతని సంచి నిండా సీతాఫలాలు పోసింది.

ఇంటికి వచ్చి ఈ మాట చెప్తే సౌభాగ్యమ్మ పండు విప్పుతూ అడిగింది. "ఉంటడని దేవుడు జెప్పిండా, నువ్వు జెప్పినవా?"

ఆ రోజు నుంచి అతని ప్రార్థన మారింది. అంతకు ముందు సభ బాగా జరగాలని అడిగేవాడు. ఇప్పుడు ఇలా అడుగుతున్నాడు. ప్రభువా, ఆ మాట నా నోటిదే అయితే నన్ను సిగ్గుపరచు. ఆమెను సిగ్గుపరచకు.

సభ పెత్రమాసకు ముందు వచ్చే శుక్రవారం. అక్కడ శుక్రవారమే సెలవు. ఆ వారం మొదట్లోనే ప్రసంగీకుడు స్కూటరు మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది. గాబ్రియేలు ఫోన్ చేసి అతని కోసం ప్రార్థించి, అనూప్‌తో, "పర్వాలేదు, దేవుడు చూసుకుంటడు," అన్నాడు. ఆ వారమే ఆర్టీసీ కూడా సకల జనుల సమ్మెలోకి దిగింది. బస్సులు డిపోల నుంచి కదలలేదు. అతని డిపో, అతని యూనియన్. ఉద్యోగంలో ఉంటే తానూ వాళ్ల పక్కన కూర్చునేవాడు.

బుధవారం పొద్దున కిరాయి జీపులో హైదరాబాదుకు బయల్దేరాడు. కౌడిపల్లి దాటాక రోడ్డుకు అడ్డంగా లారీలున్నాయి. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. ఉద్యమంలో వంటా వార్పు అంటే ఇదే. రోడ్డు మీదే వండటం, రోడ్డు మీదే తినటం. గరిటె పట్టుకున్న రఘుపతి అతన్ని గుర్తుపట్టాడు. కాలేజీ రోజుల్లో అతని బస్సులో తిరిగినవాడు, ఇప్పుడు టీచరు.

"కండక్టర్ సాబ్! రాండ్రి, రాండ్రి. కూసోండ్రి."

"ఇయ్యాల విమానం ఉన్నది బిడ్డా. జర తొవ్వ ఇయ్యుండ్రి."

"మిమ్ముల మేము ఆపుతమా సార్? పోండ్రి. గానీ నర్సాపూర్ దాంక గిట్లనే ఉన్నది. లారీలు తీద్దమంటే డ్రైవర్లు గూడ తింటుండ్రు."

వెనక్కి తిరిగి చూస్తే జీపు డ్రైవరు అప్పటికే విస్తరి ముందు కూర్చున్నాడు.

"తెలంగాణ రానీయుండ్రి సార్," అన్నాడు రఘుపతి అన్నం వడ్డిస్తూ. "మెదక్ కాడనే విమానం ఎక్కుదురు."

అందరూ నవ్వారు. గాబ్రియేలు కూడా నవ్వాడు. అన్నం తిన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైంది. ఎండ తగ్గేదాకా జీపు నీడన కూర్చున్నాడు. తొవ్వ దొరకలేదు. దొరికేసరికి విమానం అందే వేళ దాటిపోయింది. అతను మెదక్ తిరిగొచ్చాడు. ఆ టికెట్టు ఇంకో రోజుకు మారేది కాదు.

గురువారం అనూప్ ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు.

"మామా, హాలాయన ఇయ్యనంటుండు. ఈ సంవత్సరం ఈడ సర్కారు మీద జనం లేచి గడబిడ జరిగింది గదా. ఎక్కువ మంది జమైతే పరేషాన్ అంటుండు. బంద్ పెడదమా?"

గాబ్రియేలు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. సౌభాగ్యమ్మ వంటింటి గడపలో నుంచి వింటోంది.

"ప్రసంగీకుడు మంచంల, పిలిచెటోడు మెదక్‌ల, హాలు తాళంల," అంది. "ఇంకేమున్నదని పెడ్తరయ్యా సభ?"

"ఊర్లున్నయ్ గదా," అన్నాడు గాబ్రియేలు. అని, ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో తెలియక తానే ఆగాడు. తర్వాత ఫోన్లో అడిగాడు. "అనూప్, అందరు కూసునెటందుకు ఇంకో జాగ లేదా?"

"ఊరవతల ఒక ఖర్జూరాల తోట ఉన్నది మామా. దాని మోటర్లు నేనే రిపేర్ జేస్త. పండ్లు డబ్బాలల్ల నింపే షెడ్డు ఉన్నది. అడిగితే ఆ సేటు ఇస్తడు. గానీ రేకుల షెడ్డు. కుర్చీలుండయ్."

"మన తాతలు చెట్ల కిందనే కూసున్నరు. అడుగు. ఊర్లు నేను ఫోన్ల పిలుస్త. నువ్వు ఫోను మైకు కాడ పెట్టు."

మాట ధైర్యంగానే చెప్పాడు. ఫోను పెట్టేశాక మంచం అంచున చాలాసేపు కూర్చున్నాడు. నమ్మకం లేక కాదు. దేవుడి పేరు మీద తాను ఒక తల్లికి మాటిచ్చాడు. ఆ మాట తేలేది రేపే.

శుక్రవారం పొద్దున అతను చొక్కా మార్చుకుని వరండాలోకి వచ్చేసరికి మెట్ల మీద శివమ్మ ఉంది. పక్కన గంప. ఆమెను చూసి గాబ్రియేలు భార్య వైపు తిరిగాడు.

"నేనే రమ్మన్న," అంది సౌభాగ్యమ్మ. "చెప్పినోనివి, ఆమె ముందటనే పిలువు."

ఫోనును స్టూలు మీద పెట్టి స్పీకరు ఆన్ చేశారు. వరండాలో నుంచి చర్చి గోపురం కనిపిస్తోంది. కరెంటు లేదు. కాసేపటికి అనూప్ గొంతు వినిపించింది. జనం బాగా వచ్చారని, రేకుల కింద చోటు చాలక బయట కూడా నిలబడ్డారని చెప్పాడు. తర్వాత ఫోను మైకు దగ్గరికి పోయింది. గాలి చప్పుడు, ఎక్కడో నీళ్ల మోటరు చప్పుడు, మనుషులు సర్దుకుంటున్న చప్పుడు.

గాబ్రియేలు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"మెదక్!"

"ఉన్నం!"

స్టూలు మీద ఫోను కదిలింది. సౌభాగ్యమ్మ దాన్ని చేత్తో పట్టుకుంది. సముద్రం అవతల నుంచి ఇంత గొంతు వస్తుందని ఆ ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు.

"రామాయంపేట!"

"ఉన్నం!"

"నిజాంపేట!"

అక్కడ ముగ్గురో నలుగురో పలికారు. చేగుంట గట్టిగా పలికింది. మాసాయిపేట పలికింది. గాబ్రియేలు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత ఏ ఊరో అతనికి తెలుసు.

"తూప్రాన్!" అన్నాడు.

తూప్రాన్ పలికింది.

"సారూ," అంది శివమ్మ. గొంతు పెంచలేదు. "మాసాయిపేట తర్వాత మా ఊరు గదా. మీ బస్సుల ఎన్నిసార్లు దిగలేదు నేను?"

గాబ్రియేలు ఆమె వైపు చూడలేకపోయాడు. ప్రభువా, నన్ను సిగ్గుపరచు, ఆమెను కాదు, అనుకున్నాడు.

"ఎల్దుర్తి!"

ఎవరూ పలకలేదు. గాలి, నీళ్ల మోటరు.

"ఎల్దుర్తి!" అన్నాడు మళ్లీ. జవాబు లేదు. ఇక ఏం చేయాలో తోచని ఆ క్షణంలో పాత అలవాటు నోట్లోకి వచ్చేసింది. "ఎల్దుర్తోళ్లు ఎవరన్న పండుకున్నరా? లేవుండ్రి, దిగుండ్రి, స్టేజ్ వచ్చింది!"

అక్కడ జనం గొల్లుమని నవ్వారు. రేకుల కింద ఆ నవ్వు కాసేపు తిరిగింది. అది తగ్గాక మైకుకు దూరం నుంచి ఒక్క గొంతు వచ్చింది.

"ఉన్న."

శివమ్మ లేచింది. మెట్లెక్కి వచ్చి ఫోను ముందు నిలబడింది. దాన్ని ముట్టుకోలేదు.

"రాజిగా," అంది.

అక్కడ నవ్వు పూర్తిగా ఆగిపోయింది.

"రాజిగా, నువ్వేనారా? నీ నోరు పడిపోయిందారా ఇన్నొద్దులు? ఒక్క ఫోను జేయరాదా? మీ చిన్నాయిన నీ పేరు మీద బియ్యం తెచ్చిపెట్టిండు, తెలుసా నీకు?"

గొంతు ఈసారి దగ్గర నుంచే వచ్చింది. "ఏం మొకం పెట్టుకొని జేయాలె అవ్వా?"

"ఉన్న మొకమే పెట్టుకొని జెయ్యి. నేను కొత్త మొకం అడిగిన్నా?"

అని ఏడ్చేసింది. అక్కడ అతనూ ఏడ్చాడు. అనూప్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"మామా, ఇయ్యాల పొద్దుగాల మాకు కూసునెటందుకు డబ్బాలు తెచ్చి ఏసింది గీ పిలగాడే. తోటల నీళ్లు కట్టే మనిషి. బంగ్లాదేశ్ ఆయన అనుకున్నం, నోరు తెరుస్తె గద! పార చేతుల పట్టుకొని షెడ్డు అవతల నిలబడ్డడు. ఊరు పేరు వినవడంగనే పలుకుదమనుకున్నడట, పలికితే పట్టుకుంటరని భయపడ్డడట. నువ్వు దిగుండ్రి అంటే అందరు నవ్విన్రు గదా. అప్పుడు భయం పోయిందంటుండు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "హాలుల అయితే గేటు కాడ కార్డు అడుగుతరు మామా. గీనికి కార్డు యాడిది? లోపటికి రాకపోతుండె. వచ్చినా బయటికెంచే పోతుండె."

గాబ్రియేలు స్టూలు పక్కన గోడకు ఆనుకున్నాడు. హాలు దొరికి ఉంటే రాజేందర్ ఆ గేటు దాటడు. తనకు విమానం అంది ఉంటే, ఆ మైకు ముందు నిలబడి మాసాయిపేట తర్వాత తూప్రాన్ పిలిచేవాడు. మా ఊరు రాలేదని చెప్పేందుకు శివమ్మ పక్కన ఉండేది కాదు. పోయాయని అతను బాధపడిన ఆ రెండింటిలో ఒక్కటి నిలిచినా ఈ గొంతు వినపడేది కాదు. ఇందులో తాను చేసింది ఏమిటని వెతుక్కున్నాడు. తాను సొంతంగా చేసిన పని ఒక్కటే కనిపించింది. ఆ ఊరిని దాటేయడం.

ప్రతి కూటంలో అందరికన్నా ముందు ప్రార్థన అందుకునే మనిషి ఈసారి వంగి చెప్పులు విడిచాడు. చర్చి గడప ముందు విడిచినట్టు వాటిని గోడ పక్కన పెట్టాడు.

శివమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సారూ, మా మరిది తెచ్చిన బియ్యం ఉన్నయ్. ఇయ్యాలనే వండుత. మీరు, అక్క, ఇద్దరు రావాలె. వాన్ని గూడ పిలుస్త, మా బిక్షపతిని. వానికే ముందు తినిపిస్త."

"కూరల ఉప్పు సక్కగెయ్యి," అంది సౌభాగ్యమ్మ కళ్లొత్తుకుంటూ. "మొన్న రోడ్డు మీద ఉప్పు లేని పప్పు తిని వచ్చిండు, ఇప్పటిదాంక అదే చెప్తుండు."

ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది. అక్కడ జనం కూర్చునే ఉన్నారు. ఎవరో రాజేందర్‌కు జరిగి చోటిస్తున్నట్టున్నారు, డబ్బాలు జరిపిన చప్పుడు వచ్చింది.

"మామా," అన్నాడు అనూప్. "ఇంక ఊర్లున్నయ్. పిలువు."

గాబ్రియేలు నోరు తెరిచాడు. గొంతు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. సౌభాగ్యమ్మ అతని మొహం చూసింది. ఫోను వైపు వంగింది. ఆమె ఎప్పుడూ ఏ సభలోనూ ఊళ్లు పిలిచిన మనిషి కాదు. అయినా ముప్పై ఏళ్లు కండక్టరుతో కాపురం చేసింది, రూటు ఆమెకూ తెలుసు.

"నర్సాపూర్!" అని పిలిచింది.

"ఉన్నం!"