మోకులో పెట్టిన కాలు

నేను ఒక మోకును. తాటిచెట్టునూ కల్లు గీసేవాడి నడుమునూ కలిపి చుట్టే తాడును. ఓదెలు గౌడ్ తండ్రి నన్ను పేని, నడుముకు ఆనేచోట తోలు పట్టీ కుట్టి, కొడుకు చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్లుగా ఆ మనిషి ప్రాణం నా ముడి మీదే ఉంది. ఆయన మాత్రం అంతా తన కాళ్ల బలమే అనుకుంటాడు. అనుకోనీ!

ఆ కాళ్లే మోసం చేశాయి. మొన్న ఎండాకాలం సగం చెట్టు ఎక్కాక కుడి తొడ వెనక పట్టేసింది. ఎలా దిగాడో ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు. చెట్టెక్కడం తప్ప వేరే పని రాదాయె. ఎక్కితే మళ్లీ పైన పట్టేస్తుందేమోనని భయం.

ఇక సొంత వైద్యం మొదలుపెట్టాడు. మడమ అరుగు మీద పెట్టి, "నరం సాపుగైతది" అంటూ ఊగి ఊగి వంగాడు. మర్నాడు కుంటుకుంటూ ఆసుపత్రికి పోయాడు.

"నరం కాదు పెద్దయ్యా, కండ బిగుసుకుంది" అందట అక్కడి ఫిజియోథెరపీ మేడం. "ఊగితే ఇంకా బిగుస్తది. ముందుగాల జర నడువు. తర్వాత పండుకొని, పాదానికి పట్టీ ఏసి కాలు మెల్లగ పైకి గుంజు. సాగుతున్నట్టు అనిపించినకాడ ఆపి ముప్పై లెక్కవెట్టు. నొప్పి లేస్తే వదిలెయ్. ఊపిరి బిగబట్టకు. నేను చెప్పేదాక చెట్టెక్కద్దు."

ఇంట్లో పట్టీ లేదు, తువ్వాల పొట్టిదైంది. భార్య కొమురవ్వ కొయ్యకున్న నన్ను చూపించింది. ఓదెలు ఉలిక్కిపడ్డాడు.

"మోకుకు కాలు తాకిచ్చుడా? పాపం తగలదా?"

"నిన్ను మొత్తం మోసేటిది, ఒక్క కాలు మొయ్యదా? పెట్టయ్యా!"

నన్ను కళ్లకద్దుకుని, "తప్పైంది తల్లీ" అని పాదం పెట్టాడు. అయ్యో, తప్పేముంది నాయనా! ఇన్నేళ్లూ నీ చెమట తాగినదాన్ని, నీ పాదం నాకు బరువా?

ఊపిరి బిగబట్టకుండా కొమురవ్వ పైకి లెక్కపెట్టించేది. ఈయన పద్దెనిమిది నుంచి ఇరవై అయిదుకు దూకేవాడు. ఆమె మళ్లీ మొదటికి తెచ్చేది. మొదట్లో మూరెడు కూడా లేవని కాలు, ఆరు వారాలకు దాదాపు నిలువుగా లేచింది. మేడం సరేనంది.

మళ్లీ చెట్టెక్కిన పొద్దున కొమురవ్వ కొంగు నోట్లో కుక్కుకుని చెట్టు కింద నిలబడింది. అప్పుడు పట్టేసిన చోటికి రాగానే ఓదెలు ఆగాడు. నేనూ బిగుసుకుపోయాను. కాలు ముడిచాడు, చాచాడు, ఎక్కేశాడు. హమ్మయ్య! కల్లు లొట్టి కట్టి దిగేసరికి కొమురవ్వ కళ్లు తుడుచుకుంటూనే, "ఇంతసేపా?" అని తిట్టింది.

ఎవరూ చెప్పకుండానే ఆయన చెట్టు కింద వెల్లకిలా పడుకున్నాడు. పాదం నాలో పెట్టి, "ఒకటి, రెండు" అని లెక్క అందుకున్నాడు. ఈసారి తప్పైందని అనలేదు. నాకు అంతకన్నా ఏం కావాలి!