నాగేశప్ప తూకం

కొలిమిలోని గాజు గొట్టంలో బొగ్గు పొడి కాలడం పూర్తవగానే, నాగేశప్ప మేకుకు వేలాడుతున్న పంచె ముక్క అందుకున్నాడు. నీలం అంచుది. రోజూ సాయంత్రం ఉతికి ఆరేస్తాడు. గొట్టం చివర తగిలించిన రెండు వంపు గొట్టాల్లో ఒకటి ఆవిరిని, రెండోది కార్బన్ డయాక్సైడును పట్టుకుంటుంది. వాటి బరువు పెరిగినదాన్ని బట్టే బొగ్గులో హైడ్రోజన్ ఎంతో, కార్బన్ ఎంతో తేలుతుంది. వేలిచెమట అంటినా తూకం చెడుతుందని, వాటిని ఆ గుడ్డతో చంటిబిడ్డకు ఒళ్లు తుడిచినట్టు తుడిచి త్రాసులో పెడతాడు. మూకండపల్లిలోని ఆ పరీక్షశాలలో ఇరవై రెండేళ్లుగా ఆయనకదే పని.

ఈ రోజుతో రిటైరు. ఆ చేత్తో చేసే పరీక్షా ఆయనతోనే సరి. నాలుగు నిమిషాల్లో అంకె చెప్పే మిషన్ వచ్చేసింది. పొద్దున ఒకే బొగ్గును మిషన్‌లోనూ, చేత్తోనూ పరీక్షించారు. మిషన్ కార్బన్ 64.1 అంది, నాగేశప్ప 61.4 అన్నాడు.

"మిషన్ అబద్ధం చెప్పదు గదప్పా," అన్నాడు మేనేజరు రామకృష్ణప్ప.

ఆ మాటకు మధ్యాహ్నం రాగి సంగటి సగంలోనే మూత పెట్టేశాడు. అయితే ఇన్నేళ్లూ తాను ఇచ్చినవన్నీ తప్పుడు అంకెలేనా? అందుకే ఆఖరి రోజున కూడా మళ్లీ కాల్చాడు. మళ్లీ 61.4.

మిషన్ నడిపిన కొత్త కెమిస్టు వినుత దగ్గరికి వెళ్లాడు.

"మిషన్లో వేసిన పొడి యాడ తీసినావమ్మా?"

"ఓవెన్‌లోదప్పా. తేమ చూసేదానికి ఎండబెట్టింటిమి గదా, అదే వేసినాను."

నాగేశప్ప స్టూలు మీద కూలబడి నవ్వాడు.

"నేను సీసాలోది వేసినాను తల్లీ. దాంట్లో తేమ ఉండాది. నూటికి నాలుగు పాయింట్ రెండు. ఆ బరువు తీసేసి, మిగిలిన పొడికే లెక్క కట్టి చూడు."

వినుత కాల్క్యులేటరు నొక్కింది. 64.1.

"రెండూ ఒకటేనప్పా!"

అమ్మయ్య అనుకున్నాడు నాగేశప్ప. కళ్లు చెమర్చాయి. "నాకు ముందే తెలుసు," అన్నాడు రామకృష్ణప్ప. గాలి ఎటు వీస్తే అటు తెరచాప ఎత్తే మనిషి, ఆయన మాటనెవరూ పట్టించుకోలేదు.

ఆకలి అప్పుడు తెలిసింది. మిగిలిన సంగటి చల్లారినా వేళ్లు నాకుతూ తిన్నాడు. అయిదింటికి కొలిమి ఆర్పి, చేతులు కడుక్కుని, బేరిగై ఊరికి పోయే బస్సుకు బయలుదేరాడు.

"మళ్లీ ఎప్పుడొస్తారప్పా?" అంది వినుత.

"ఎందుకమ్మా? నీ మిషన్ బాగానే ఉండాది. నాకు ఉలవ చేను ఉండాది."

బస్సు కదిలిన వేళకు త్రాసు పక్కన మేకుకు, రోజూలాగే ఉతికి ఆరేసిన నీలం అంచు పంచె ముక్క నుంచి ఇంకా నీళ్లు ఒక్కో చుక్కే కారుతున్నాయి.