గంగాళంలో పడ్డ దూలం ముక్క

నేను ఒక సిమెంటు దూలం ముక్కను. అరచేతిలో పట్టేంత ఉంటాను. రంగు ముదురు గోధుమ, ఒక పక్కన మాత్రం వెల్లసున్నం ఇంకా అంటుకునే ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో కాగితాలు ఎగిరిపోకుండా నన్ను వాటి మీద పెట్టారు. బరువు కనబడితే చాలు, మనుషులు బలం కూడా ఉందనుకుంటారు. నేను పుట్టినప్పుడూ అలాగే అనుకున్నారు.

నా పుట్టుకంతా హడావుడే. కడప జిల్లాలో నాపరాళ్ల నేల మీద లేచిన ఆ ఫ్యాక్టరీలో, క్యాంటీన్ ప్రారంభానికి పెద్దవాళ్లు ముహూర్తం పెట్టేశారు. పైకప్పు మాత్రం ఇంకా పడలేదు. మామూలు సిమెంటుతో దూలం పోస్తే వారాల తరబడి తడుపుతూ కాచుకోవాలి. అప్పట్లో కుర్ర ఇంజనీరు అయిన ఓబుళరెడ్డికి కొలిమి లోపలి గోడలకు పూసే ప్రత్యేకమైన సిమెంటు గుర్తుకొచ్చింది. అది ఒక్క రోజులో గట్టిపడుతుంది. ఆ బస్తాలు తెప్పించి, పని చురుగ్గా సాగడానికి నీళ్లు కాస్త ధారాళంగానే పోయించాడు. మర్నాడు సెంట్రింగ్ ఊడదీసి సుత్తితో కొడితే ఖంగుమన్నాను. ఆయన మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను. మిగిలిన బస్తాలను ట్రాక్టరులో ఎటో పంపేశారు. ఎటు అని ఎవరూ అడగలేదు.

ఆ తరువాత నా కింద పొయ్యిలు వెలిగాయి. క్యాంటీన్ వంటమేస్త్రీ దస్తగిరి రోజూ అన్నం గంగాళం మూత తీస్తే ఆవిరి నేరుగా నా పొట్టకు తగిలేది. పైన కడప ఎండ, కింద ఆవిరి. వాటి మధ్య నా లోపల ఒక పని మొదలైంది. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు నాలో పలచని ఆరుపలకల స్ఫటికాలు పుట్టాయి. వాటి నిండా నీళ్లు దాచుకున్నాయి. వేడీ తేమా కలిసేసరికి వాటిలో అణువులు వరుసలు మార్చుకుని, ఇరుగ్గా సర్దుకుని, చిన్న చిన్న ఘనాలైపోయాయి. నీళ్లు వదిలేశాయి. అవి ఖాళీ చేసిన చోటల్లా కంటికి ఆనని బొరియలు మిగిలాయి. ఏళ్ల తరబడి అలా గుల్లబారుతూ వచ్చాను. పైకి మాత్రం ఒక్క గీతా పడలేదు.

ఓబుళరెడ్డి పెద్ద ఇంజనీరయ్యాడు. ఆయుధపూజ నాడు యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టి, నిచ్చెన వేయించుకుని నాకూ పెట్టేవాడు. పెట్టాక సుత్తితో ఒక దెబ్బ వేసి, చెవి ఆనించి వినేవాడు. ఏటికేడు నా గొంతు బొంగురుపోతున్నా ఆయనకు ఖంగుమన్నట్టే వినిపించేది. వినాలనుకున్నదే విన్నాడు, పాపం.

ఒక మధ్యాహ్నం నేను దూలం నుంచి ఊడి అన్నం గంగాళంలో పడ్డాను. దస్తగిరి నన్ను గరిటెతో పైకి తీసి, గుడ్డలో చుట్టుకుని ప్రయోగశాలకు పరుగెత్తాడు. అక్కడ ఎక్స్‌రే యంత్రం చూసుకునే కెమిస్టు సులోచన ఉంది.

"మేడం, పైకప్పు నుంచి పడిండాది. చేత్తో నలిపితే పొడైతాంది సూడండి. నెత్తిన పడింటే నా గతేం గాను?"

ఎక్స్‌రే అంటే ఆసుపత్రిలో ఎముకలు చూసేదే అనుకోకండి. నన్ను కొంచెం గీకి, మెత్తగా నూరి, బిళ్లలో అదిమి పెడితే ఆ కిరణాలు నా అణువుల వరుసలకు తగిలి కొన్ని లెక్కైన కోణాల్లో మాత్రమే వెనక్కి తిరుగుతాయి. ఏ స్ఫటికం కోణాలు దానివే. తెర మీద సూదుల్లా లేచిన గీతలు చూసి లోపల ఎవరున్నారో చెప్పేయవచ్చు. సులోచన చూసింది. ఆరుపలకల గీతలు ఒక్కటీ లేవు, అన్నీ ఘనాలవే. ఆమె వెంటనే ఓబుళరెడ్డిని పిలిపించింది.

ఓబుళరెడ్డి గీతలు చూశాడు. తరువాత ఆమెను చూశాడు.

"పొడిని యాడ ఆరబెట్టినావమ్మా?"

"ఓవెన్‌లోనే సార్. రోజూ పెట్టినట్టే."

"ఇంగ అడిగేదేముండాది? ఆ వేడికి నువ్వే మార్చేసి, నేరం నా దూలం మీద వేస్తాండావు."

ఆ మాటలో నిజం లేకపోలేదు, అదే మా దురదృష్టం. ఆ ప్రయోగశాలలో ఏది వచ్చినా ముందు ఓవెన్‌లో పెట్టడం అలవాటు. కొలిమిలో కాలి వచ్చిన సరుకును ఎంత వేడి చేసినా మారదు. నాలాంటి నీళ్లు తాగిన సిమెంటు మాత్రం ఆ వేడికి తట్టుకోలేదు. సులోచన సిగ్గుతో తల దించుకుంది. క్యాంటీన్ మూయలేదు. పైగా భయపడుతున్న జనానికి ధైర్యం చెప్పడానికి ఓబుళరెడ్డి తన భోజనం బల్లను సరిగ్గా దూలం కిందికి జరిపించుకున్నాడు.

ఈసారి సులోచన నా లోపలి భాగం నుంచి కొంచెం గీకి, తేమ పీల్చే గుళికలున్న గాజు డబ్బాలో మూసిపెట్టింది. వేడి తగలకుండా ఆరాలంటే రోజులు పడతాయి. భోజనాల వేళ అయితే చాలు, ఆమె కిటికీ దగ్గర నిలబడి క్యాంటీన్ వైపు చూసేది. అన్నం డబ్బా తెరిచేది కాదు. అక్కడ పళ్లేల చప్పుడు వినిపించినంతసేపూ నాకూ గుబులుగానే ఉండేది. ఆ దూలం ఇంకెంతకాలం ఆగుతుందో దాని ముక్కనైన నాకే తెలియదు.

చివరకు గీతలు మళ్లీ లేచాయి. మళ్లీ ఘనాలే. ఓబుళరెడ్డి తెర మీద ఒక్కో గీతనూ వేలు పెట్టి చూశాడు. నన్ను తీసుకుని బొటనవేలితో నొక్కితే ఒక అంచు రాలిపోయింది. నేరుగా క్యాంటీన్‌కు నడిచాడు. సులోచన నన్ను చేతిలో పట్టుకుని వెంట వెళ్లింది.

"దస్తగిరీ, పొయ్యిలు ఆర్పు. అందురూ బయటికి నడవండి."

"సారూ, చారు ఇంకా తెర్లనే లేదు."

"తెర్లకపోతే మానె. నడువ్!"

ఎండలో తినాల్సి వచ్చిందని జనం రోజుల తరబడి సణిగారు. ఒక తెల్లవారుజామున, మనిషన్నవాడు లేని ఆ హాలులో దూలం కూలింది. దుమ్ము అణిగాక చూస్తే ఓబుళరెడ్డి భోజనం బల్ల చెక్కపేళ్లై ఉంది.

ఆ మధ్యాహ్నం ప్రయోగశాల కిటకిటలాడింది. దస్తగిరి లడ్డూలు పంచి, సులోచనకు రెండు చేతులా దండం పెట్టాడు. జనం వెళ్లిపోయాక ఓబుళరెడ్డి ఆమె ఎదురుగా కూలబడి, చెప్పులు విడిచి, నన్ను అరచేతిలోకి తీసుకున్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"నీ ఋణం తీర్చుకోలేనమ్మా," అన్నాడు.

సులోచన లడ్డూ ముట్టలేదు. ఆమె చూపు నా మీదే ఉంది.

"సార్, దూలం పోసిన రోజు ఈ సిమెంటు బస్తాలు కొన్ని మిగిలింటాయి కదా. అవేమైనాయి?"

ఆయన గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తొచ్చింది. ఆయన వేళ్లు నా చుట్టూ బిగుసుకోవడం నాకు తెలిసింది.

"గేటు బయట బడికి ఇచ్చినాం. వరండాకు దూలం తక్కువైందంటే..."

ఆ వరండాలోనే పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతారు. అక్కడే వరుసగా కూర్చుని తింటారు. కిటికీలోంచి బడి గంట వినిపించింది, వెనకే పళ్లేల చప్పుడు.

ఓబుళరెడ్డి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీశాడు. సులోచన ఆయన వెంట పరుగెత్తింది. నేను ఆయన చేతిలోంచి జారి నేల మీద పడ్డాను. ఆ మాత్రానికే రెండు ముక్కలయ్యాను.